కోళ్ల బంతి భోజనం

మా బావ నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, కోళ్ల దాణాలో కలిపే పౌడర్ ఒకటి తయారు చేశాడు. పసుపు, వాము, వెల్లుల్లి, నల్లజీలకర్ర ఎండబెట్టి దంచిందే. అది కలిపితే బ్రాయిలర్ కోడికి తిన్న మేత తిన్నట్టు ఒంటబడుతుందని ఆయన నమ్మకం. అక్కడి దాణా మిల్లు మేనేజరు, "పెంచి సూపియ్యి, తీసుకుంట" అన్నాడు. ఇల్లు గడవడమంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

చిల్కానగర్‌లో అక్కావాళ్ల ఇంట్లోనే పైగదిలో నేనుంటాను. బడిలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి పరీక్ష పెత్తనం నా నెత్తినే పడింది. డాబా మీద రేకుల కింద పక్కపక్కనే రెండు గూళ్లు కట్టించాను. ఒకే రోజు పుట్టిన కోడిపిల్లలు, ఒకే దాణా, ఒకే నీళ్లు. ఒక గూటికి పౌడర్ కలపాలి, రెండో గూటికి కలపకూడదు. చివర్లో తూచి పోల్చాలి. చిన్నపిల్లలు కూడా చేయగల పని అని బావ ముందు కోతలు కోశాను.

ఆ రోజుతో మా ఇంట్లో మనుషుల వైభవం ముగిసింది. ఉన్న ఒక్క కూలరూ డాబా ఎక్కింది. నా గదిలోకి నేను పోవాలన్నా చెప్పులు మందునీళ్లలో ముంచాలి. ఫోన్ మోగితే బావ కసిరేవాడు. "మెల్లగ మాట్లాడు బామ్మర్దీ, పిల్లలు బెదిరి మేత ఇడిసిపెడ్తయ్!" వాసన భరించలేక తిట్టడానికొచ్చిన పక్కింటి పెద్దాయన, బావ ఉత్సాహం చూసి జడిసి కోళ్లను ఆశీర్వదించి పోయాడు. పొద్దున మేత బావే వేసేవాడు. మధ్యాహ్నం మేమిద్దరం బయటుంటే అక్క వేసేది.

కోళ్లు ఎదిగాక మేనేజరు వచ్చాడు. ఒక గూడు తూచాడు, రెండోది తూచాడు. బరువు ఒక్కటే. కాటా మార్చి తూచాడు. అయినా అంతే.

"నీ పౌడర్ ఉన్నా గంతే, లేకున్నా గంతే" అన్నాడు.

బావ దాణా బస్తా మీద కూలబడ్డాడు. అప్పుడే టీ పట్టుకొచ్చిన అక్క, "లేకపోవుడేంది సారూ? రెండు గూళ్లకు పౌడర్ నేనే ఏస్తున్న గద" అంది.

అక్కంటే నాకు ప్రాణం. కానీ ఆ క్షణాన ఒళ్లు మండిపోయింది. "ఎందుకేసినవక్కా?"

"ఒక్క బంతిల కూసున్నోళ్లకు ఒకలకు పెట్టి ఒకలకు పెట్టకుంటరా? అవి నా దిక్కే సూస్తుండె. నాకైతే మనసొప్పలె."

"అవి కోళ్లక్కా!"

"అయితే? కోళ్లు మాత్రం ఏం పాపం జేసినయ్? మీ పప్పుల గూడ ఏస్తున్న. కోళ్లకు మంచిదైతే మనుషులకు చెడ్డదా?"

మేనేజరు మొదట బావ పొట్ట మీద తెగడానికి సిద్ధంగా ఉన్న గుండీని చూశాడు, తర్వాత చివరి బెజ్జానికి చేరిన నా బెల్టును చూశాడు. పగలబడి నవ్వాడు.

"మీకైతే మస్తు పనిజేసింది. గని పోల్చనీకె, పౌడర్ తిననోళ్లు ఒక్కరన్న ఉన్నరా ఈ ఇంట్ల?"

మేము నవ్వలేదు. ఉన్నారు. టీ ట్రే పట్టుకున్న అక్క గాజులు ముంజేతి మీంచి మోచేతి దాకా జారి ఉన్నాయి. అందరూ తిన్నాకే తను తింటుంది. అప్పటికి పప్పు గిన్నె ఖాళీ. ఇంత మజ్జిగా, ఇంత తొక్కూ వేసుకుని లేస్తుంది. రోజూ ఆ వంటే తిని డాబా మీద కోళ్ల బరువు చూసుకుంటున్న నాకు చచ్చేంత సిగ్గేసింది. బావ తల దించుకున్నాడు.

మేనేజరు మంచివాడు. "ఇంకొక్క బ్యాచు పెంచు, సూద్దాం" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం బావ తనే మూడు కంచాలు పెట్టాడు. అక్కను చెయ్యి పట్టి మా పక్కన కూర్చోబెట్టి, ముందు ఆమెకే పప్పు వడ్డించబోయాడు. అక్క కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె ముఖంలో పరిహాసం లేదు, నిజంగానే ఆదుర్దా.

"నేను గూడ తింటే, ఈసారి దేనితోని పోల్చి సూస్తరయ్యా?"