గడియారానికి వీపు పెట్టి

మా పక్కింటి డాబా మీద ఒక కోడిపుంజు ఉంది. తెల్లవారుజామున కూయాల్సింది పోయి, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి గొంతు చించుకుంటుంది. నెల్లూరు ఎండకు దానికి మతి చెడిందని మా అత్తగారు అంటారు. నిన్న అన్నం వడ్డిస్తుండగా కూసింది. గరిటె చేతిలో ఉండగానే నేను తలతిప్పి గదిలో ఉన్నవాళ్ళను లెక్కపెట్టాను. మా ఆయన, అత్తగారు, ఇద్దరు పిల్లలు. నలుగురు. హమ్మయ్య అనుకుని పప్పు వడ్డించాను. "మళ్ళీ మొదలుపెట్టినావా?" అని మా ఆయన నవ్వాడు. కోడి కూస్తే మనుషుల్ని లెక్కపెట్టే ఈ అలవాటు నాకు రాజేశ్వరమ్మ గారి దగ్గర అంటుకుంది. అది జబ్బో, ఆవిడ చెప్పిన చదువో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

రాజేశ్వరమ్మ గారికి నెల్లూరులో చిన్న యాత్రల ఆఫీసు ఉండేది. మొదట్లో బస్సు మాట్లాడి, వంటవాళ్ళను వెంటబెట్టుకుని జనాన్ని కాశీకీ రామేశ్వరానికీ తీసుకెళ్ళేవారు. తర్వాత మా జిల్లా రైతులూ రొయ్యల చెరువులవాళ్ళూ ఫారిన్ చూపించమని వెంటపడితే ఐరోపా యాత్రలు మొదలుపెట్టారు. నేత చీర, కాళ్ళకు బూట్లు, చేతిలో పసుపు గుడ్డ కట్టిన కర్ర. ఏ దేశంలోనైనా అదే వేషం. నేను చిట్టమూరు దగ్గర పల్లెలో పుట్టి, డిగ్రీ చదివి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుకుని ఆవిడ దగ్గర పనికి వెళ్ళాను. "నీకేం చూడాలనుండాది?" అని అడిగారు. ప్రాగ్ నగరంలో కొన్ని వందల ఏళ్ళనాటి గడియారం ఉందనీ, గంట కొట్టే వేళకు దాంట్లోంచి బొమ్మలు వస్తాయనీ, అది చూడాలని ఉందనీ సంబరంగా చెప్పాను. "అయితే ఈ పనికి నువ్వు పనికిరావు, పోయిరా" అన్నారు. ఏడుపు ఆపుకుంటూ బస్సెక్కి ఊరికి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, ఇంకా రాలేదేమని కసిరారు. ఆవిడతో నా అయోమయం అలా మొదటిరోజే మొదలైంది.

ఆవిడ పనిచేసే తీరు మొదట నాకు పిచ్చిగా అనిపించింది. ఏ కోట దగ్గరికి వెళ్ళినా, ఏ గోపురం ముందు ఆగినా, జనమంతా అటు చూస్తుంటే ఆవిడ మాత్రం దానికి వీపు పెట్టి నిలబడేవారు. కళ్ళు మనుషుల మీదే. పెదవులు కదలకుండా లెక్క సాగుతూ ఉండేది. నేను కొంచెం పక్కకు తిరిగితే చాలు, కర్రతో మోచేతి మీద పొడిచేవారు. "దాన్ని చూసేదానికి వాళ్ళు వచ్చినారు. వాళ్ళని చూసేదానికి మనం వచ్చినాం. అటు చూడబాక" అనేవారు. ఇంకో నియమం, లెక్కలో మనల్ని మనం కలుపుకోకూడదు. "తప్పిపోయేదానికి మనకు తీరికేదీ?" అని నవ్వేవారు. ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను. వీపుకు ఎండ తగిలితే ఒంటికి మంచిదన్నారు. ఇంకోసారి అడిగితే రాళ్ళు ఎక్కడికీ పోవు, మనుషులే పోతారన్నారు. మూడోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ప్రాగ్‌కు నేను వెళ్ళిన మొదటి యాత్రలో ముప్పైరెండు మంది ఉన్నారు. సంగం నుంచి వచ్చిన రైతు రమణయ్య గారు, ఆయన భార్య పిచ్చమ్మ గారు వాళ్ళలో ఉన్నారు. ఆయన పొలం కాలవ చివర ఉంది. పైవాళ్ళందరికీ పారాకే ఆయనకు నీళ్ళు. మొదటిరోజు గుట్ట మీది కోట చూసి, నది మీది పాత రాతి వంతెనకు వచ్చాం. చార్లెస్ వంతెన అంటారు దాన్ని. రెండు పక్కలా నల్లటి విగ్రహాలు. ఒక విగ్రహం కింద ఇత్తడి పలక, తాకితే మంచి జరుగుతుందట, జనం చేతులు పడి బంగారంలా మెరుస్తోంది. పిచ్చమ్మ గారు దానికి రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకుని, "ఏ సామో ఏమో, అందరూ బాగుండాల" అన్నారు. రాజేశ్వరమ్మ మేడమ్ ఆ విగ్రహాలకూ వీపే పెట్టారు. నేను దొంగచూపులు చూస్తూ వంతెన దాటాను.

రెండోరోజు పాతబస్తీ నడిబొడ్డున ఉన్న చౌకుకు చేరాం. రంగురంగుల మేడలు, రెండు ముళ్ళ శిఖరాల చర్చి, ఎటు చూసినా ఒకేలా కనిపించే సందులు. పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుంది. గడియారం కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మేడమ్ ముందువైపు, నేను వెనకవైపు, మధ్యలో మావాళ్ళు. ఏళ్ళ తరబడి ఫోన్‌లో బొమ్మగా చూసుకున్న గడియారం నా తల మీదే ఉంది. గంట మోగింది. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. తల ఎత్తాను.

పిచ్చమ్మ గారి గొంతుతో కిందికి వచ్చాను. "మా ఆయన యాడమ్మా?"

లెక్కపెట్టాను. ముప్పైఒకటి. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పైఒకటే. రమణయ్య గారికి షుగరు. వేళకు తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. బిళ్ళలూ చక్కెర పొట్లమూ భార్య సంచిలో ఉన్నాయి. ఫోన్ బస్సులో వదిలేశారు. తెలుగు తప్ప ఇంకో మాట రాదు. మేడమ్ అందర్నీ చౌకులో ఒకచోట కూర్చోబెట్టి పులిహోర పొట్లాలు పంచారు. జనం చెదరకూడదంటే ముందు చేతిలో తిండి పెట్టాలట. "నేను వీళ్ళని వదిలి కదిలేదానికి లేదు. నువ్వు పో" అని మాత్రం అన్నారు.

నిన్నటి వంతెన దగ్గరికి వెళ్ళి ఉంటారేమోనని అటే పరుగెత్తాను. అటే అనుకున్నాను. మా ఊళ్ళో దారి తప్పినవాళ్ళు తూర్పుకు నడిస్తే చాలు, సముద్రం వస్తుంది, అక్కణ్ణుంచి ఇల్లు తెలుస్తుంది. నీళ్ళంటే తూర్పు అని నా కాళ్ళకు పుట్టుకతో తెలుసు. ఆ కాళ్ళే నన్ను తూర్పుకు లాక్కెళ్ళాయి. ఎంత పరుగెత్తినా నీళ్ళు రాలేదు. కీలుబొమ్మలు వేలాడదీసిన దుకాణం ఒకటి మూడుసార్లు ఎదురైంది. అది ఒకే దుకాణమో, మూడో కూడా తెలియలేదు. అంతలో ఫోన్ మోగింది.

"యాడుండావు?"

"తెలీదు మేడమ్. ఇంకా నీళ్ళు రాలేదు."

"ఈ ఊళ్ళో నీళ్ళు పడమరనుండాయి సుజాతా. ఇప్పుడు నేను ఇద్దర్ని వెతకాల. సరే, ఇది చెప్పు. నిన్న వంతెన మీద రమణయ్య గారు ఏం చూసినారు?"

"విగ్రహాలు."

"అది నువ్వు చూసింది. ఆయన ఒక్క విగ్రహం గూడా చూళ్ళా. ఏటికి అడ్డంగా కట్టిన ఆనకట్ట చూసినారు. దానికి తలుపుల్లేవేంది అని నన్ను రెండుసార్లు అడిగినారు. ఎవర్నన్నా దారి అడిగి ఆడికి పో."

ఒక పూలమ్మే ఆమెను అడిగి పరుగెత్తాను. వంతెన పక్కనే నీళ్ళలోకి చొచ్చుకుపోయిన చిన్న సందు ఉంది. దాని కొసన, మఫ్లర్ చుట్టుకుని, చెక్కబల్ల మీద రమణయ్య గారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు.

"రామ్మా, చూడు. అడ్డంగా గాదు, ఏటవాలుగా కట్టినారు. తలుపు ఎత్తేవాడు లేడు, దించేవాడు లేడు. నీళ్ళు వాటంతటవే పక్కకు మళ్ళతా ఉండాయి. ఈ ఊళ్ళో చివరి పొలం వాడికి తగాదా ఉండదు."

"మీరు తప్పిపోయారండీ!"

"నేనా? నేనీడే ఉండా గదమ్మా" అన్నారు ఆశ్చర్యంగా. అప్పటికే ఆయన నుదుటి మీద చెమట పట్టింది, చేతులు వణుకుతున్నాయి. నా సంచిలో ఉన్న చాక్లెట్టు విప్పి నోట్లో పెట్టాను. వణుకు తగ్గేదాకా ఆయన చెయ్యి పట్టుకుని ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆ ఊళ్ళో నేను నిదానంగా చూసింది అదొక్కటే.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మూడోరోజు పొద్దున వేరే ఊళ్ళో బస్సు దిగుతుంటే, మేడమ్ పసుపు గుడ్డ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. తప్పు చేసినదాని చేతికి కర్ర ఎందుకిచ్చారో అడగలేకపోయాను. ఆరేళ్ళు ఆ కర్ర మోశాను. ప్రాగ్ యాత్ర మళ్ళీ నా వంతుకు రాలేదు, మిగతా ఊళ్ళలో ఎక్కడా తల ఎత్తలేదు.

తర్వాత ఆవిడకు కిడ్నీలు చెడ్డాయి. నెల్లూరు ఆస్పత్రిలో చూడడానికి వెళ్ళినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నారు. నన్ను మంచం మీద కూర్చోమని, ఉన్నట్టుండి అడిగారు.

"ఆ రోజు నువ్వు చూసినావు గదా. ఏముండాది ఆడ?"

అన్నేళ్ళ తర్వాత ఇప్పుడు తిడతారా అని బిక్కచచ్చిపోయాను. "తప్పయిపోయింది మేడమ్."

"తప్పు సంగతి గాదే. ఏముండాదో చెప్పు."

చెప్పాను. అస్థిపంజరం బొమ్మ గంట తాడు లాగడం, పైన రెండు కిటికీలు తెరుచుకోవడం, బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి కిందికి తొంగిచూసి వెళ్ళడం. కళ్ళు మూసుకుని విన్నారు. "ఎన్ని బొమ్మలు?" అన్నారు. పన్నెండంటారు, నేను లెక్కపెట్టలేదన్నాను. "నా దగ్గర పనిజేసి లెక్కపెట్టలేదా!" అని నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక, "కోడి కూసిందా?" అన్నారు.

"కోడేంటి మేడమ్?"

"బొమ్మలు లోపలికి పోయినాక కోడి కూస్తాది. గొంతు పట్టేసిన కోడి మాదిరి. పదకొండుసార్లు నా వీపెనక కూసింది. అది ఎట్టుంటాదో నాకు తెలవదు."

ఆ మాటకు నాకు దుఃఖం ముంచుకొచ్చింది. బొమ్మలు చూసింది నేను, కోడిని విన్నది ఆవిడ. ఆ గడియారాన్ని మా ఇద్దరిలో ఎవరమూ పూర్తిగా ఎరగం.

"ఈసారి పోయినప్పుడు నువ్వు పైకి చూడు. మనుషుల్ని నేను చూసుకుంటాలే" అన్నారు.

"చూడొద్దని మీరే కదా మేడమ్ చెప్పింది?"

"అదీ చెప్పినా. ఇదీ చెప్తా ఉండా."

ఆ నెలలోనే ఆవిడ పోయారు. రెండు మాటల్లో ఏది వినాలో తెలియక, ఆ తర్వాత జనాన్ని తీసుకుని రెండుసార్లు ప్రాగ్ వెళ్ళి కూడా గడియారానికి వీపే పెట్టాను. వీపు వెనక కోడి కూసేది. లెక్కపెట్టుకునేదాన్ని.

పోయిన వేసవిలో ఇరవైతొమ్మిది మందితో వెళ్ళాను. గంట మోగింది. ఎందుకో తెలియదు, కాళ్ళే తిరిగాయి. ఈసారి బొమ్మలు లెక్కపెట్టాను, పన్నెండే. కిటికీలు మూసుకున్నాయి. వాటి పైన చిన్న బంగారు కోడి. రెక్క కొట్టలేదు, మెడ ఎత్తలేదు. జలుబు చేసినట్టు ఒక్క కూత కూసి ఊరుకుంది. ఇంతేనా అనుకున్నాను. ఇది కూడా ఆవిడ చూడలేదే అనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ, భయంతో వెనక్కి తిరిగాను. అందరూ ఇంకా పైకే చూస్తున్నారు, ఒక్కామె తప్ప. పులికాట్ సరస్సు ఒడ్డున చేపల మీద బతికే ఇంటి మనిషి కోటమ్మక్క. ఊరు దాటి రావడం అదే మొదలు. గడియారానికి వీపు పెట్టి, వేలు ఆడిస్తూ నిలబడి ఉంది.

"నువ్వు చూడలేదా అక్కా?"

"నువ్వు పైకి చూస్తా ఉంటివి గదమ్మే. మనోళ్ళు యాడన్నా పోతారేమోనని నేను లెక్కేస్తా ఉండా. అంతా ఉండారులే, ముప్పైమంది."

ఇరవైతొమ్మిదే అని చెప్పబోయాను. కోటమ్మక్క మొదటినుంచీ మళ్ళీ లెక్కపెట్టి, చివరి వేలు నా భుజం మీద ఆనించింది.

నిన్న మధ్యాహ్నం పక్కింటి కోడి కూసినప్పుడు మా ఇంట్లో నలుగురు అనుకున్నాను. పప్పు వడ్డిస్తూ గరిటె ఆపి మళ్ళీ చూసుకున్నాను. ఐదుగురం ఉన్నాం.