కోట్స్ మధ్య మన్ను

నమ్మకపోతే పోండి. ఇది నా నోటికి జరిగింది, కట్టుకథ కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాం. పుత్తూరు మునిరత్నం, నేను కలిసి ప్రాజెక్టు చేశాం. ఊరి పేరు కొడితే బస్సు దారి చెప్పే ప్రోగ్రాం. హాస్కెల్ అనే కంప్యూటర్ భాషలో రాశాం. తెల్లారితే చూపించాలి. లేదంటే ఫెయిలు. ఆ రాత్రి ల్యాబ్‌లో ఇద్దరమే.

ఒకే ఎర్రర్ వదలడం లేదు. హాస్కెల్‌లో ఒక్క అక్షరానికి సింగిల్ కోట్స్ పెట్టాలి, మాటకు డబుల్ కోట్స్. అక్షరం ఉండాల్సిన చోట మాట ఉందంటోంది కంప్యూటర్. అన్ని కోట్సూ సరిచేశాం. తప్పులు పోయాయో లేదో తేలడానికి కంపైల్ చేశాం. మళ్లీ అదే.

"ఏ మాటంటాదో సూడప్పా," అన్నాడు మునిరత్నం.

ఎర్రర్ కింద ఆ మాట కూడా వస్తుంది. చదివాను. డబుల్ కోట్స్ మధ్య, ఇంగ్లీషు అక్షరాల్లో... 'నోరంతా మన్ను' అని ఉంది.

"నువ్వు కొట్టినావా?" అన్నాను.

"లేదబ్బా. నువ్వే అనుకుంటా ఉండా."

ఫైలంతా వెతికించాం. ఆ మాట ఎక్కడా లేదు. మళ్లీ కంపైల్... మళ్లీ అదే మాట.

అప్పుడు... నాలుక కొసన ఏదో తగిలింది. ఇసుక లాగా. పళ్లు కదిపితే కరకర. తర్వాత వాసన... మురిక్కాలువ పూడిక తీసినప్పుడు వచ్చే వాసన. అరచేతిలోకి ఉమ్మాను. నల్లటి బురద. అందులో ఒక వెంట్రుక. చేత్తో పట్టి లాగాను... వస్తోంది... ఇంకా వస్తోంది... రెండో కొస నా గొంతులో ఉంది.

బయట పంపు దగ్గర కక్కుకుని వచ్చేసరికి మునిరత్నం కొత్త ఫైలు తెరిచి మొదటి నుంచీ కొడుతున్నాడు. పెదాలు బిగబట్టి ఉన్నాడు. పలకరిస్తే తల ఊపాడంతే. ఈసారి ఎర్రర్ రాలేదు. పొద్దున ప్రాజెక్టు పాసయింది.

పంపు నీళ్లా? నేను అంతకుముందు ఆ పంపు ముట్టుకోలేదు. నా ఒంట్లో ఏదైనా రోగమా? డాక్టరు ఏమీ లేదన్నాడు. నాకైతే ఇవాళ్టికీ తెలియదు.

తర్వాత వాడి పెళ్లికి పుత్తూరు వెళ్లాను. పక్కపక్కన భోజనానికి కూర్చున్నప్పుడు ఆ రాత్రి సంగతి ఎత్తాను. వాడు ముద్ద ఆకులో పెట్టేశాడు.

"నువ్వు ఉమ్మేసినావు," అన్నాడు మెల్లగా. "నేను మింగేసినానప్పా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.