క్యారేజీ లిఫ్టెక్కిన రోజు

ఆస్ట్రేలియాలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లోని మా వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసిందంటే చాలు, నాకు ఆవకాయ వాసనతో పాటు గ్రీజు వాసన కూడా తగులుతుంది. మా ఆవిడ ముక్కు డాక్టరుకి చూపించుకోమంటుంది. ఆ వాసన విజయగారి తాలూకు జ్ఞాపకమని చెబితే ఇంకోలా అర్థం చేసుకుంటుంది.

విజయగారిది తెనాలి. గొర్రెలు తప్ప నరమానవుడు కనిపించని కొండమీద, కరెంటు తీసే గాలిమరల కేంద్రానికి ఆవిడ అధికారి. మనిషి నా భుజం దాకా వస్తారు, గొంతు మాత్రం పక్క రాష్ట్రం దాకా పోతుంది. ఇక్కడి పద్ధతి ప్రకారం పేరుపెట్టి పిలవమన్నారు గాని నా నాలుక తిరగలేదు. నన్ను చూసి తెల్లవాళ్ళు కూడా ‘విజయగారూ’ అనడం మొదలుపెట్టారు. ‘గారు’ ఆవిడ ఇంటిపేరనుకున్నారు పాపం.

అప్పుడు నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. గాలిమర టవర్ ఎక్కి చూపిస్తే ఉద్యోగం, దాని వెనకాలే వీసా. లేకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే. టవర్‌కి లిఫ్టు ఉంది. కానీ అది మొరాయించిన రోజున నిచ్చెన మీద దిగగలిగిన వాడికే పైన పని. నేనేమో అటకమీది గంగాళాన్ని కూడా పక్కింటివాళ్ళ చేత దింపించుకునే వంశంలో పుట్టాను. అప్పటికే ఒకసారి బెల్టులన్నీ బిగించుకుని, మొదటి మెట్టుకి దండం పెట్టి వెనక్కి వచ్చేశాను. ఇక మిగిలింది ఆ శుక్రవారం ఒక్కటే.

ఆ రోజు విజయగారు ధైర్యం చెప్పలేదు. మర ఆపించి, నా కొక్కేలన్నీ సరిచూసి, తన క్యారేజీతో పాటు నా క్యారేజీ కూడా పట్టుకుని తాపీగా లిఫ్టులో పైకి వెళ్ళిపోయారు. కాసేపటికి రేడియోలో, సిబ్బంది అంతా వింటుండగా, తెలుగులో పిలుపు వచ్చింది.

“ఏమయ్యా, భోజనం పైన ఉంది. ముద్దపప్పు కూడా తెచ్చాను.”

ఆకలిగా లేదన్నాను.

“సరే, అయితే నీ ఆవకాయ నేనే కానిచ్చేస్తున్నా.”

అది మా అత్తగారు పెట్టిన ఆవకాయ. ఎయిర్‌పోర్టులో అధికారుల ముందు మూత తీసి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించినట్టు చూపించి తెచ్చుకున్న ఆవకాయ. ఎక్కాను. దారిలో మబ్బులు తగిలాయి, గద్దలు పలకరించాయి. నిచ్చెన టవర్ లోపల ఉంటుంది కాబట్టి మీరు నమ్మనక్కర్లేదు.

నేను చేరేసరికి గ్రీజు వాసన కొడుతున్న ఆ పైగదిలో ఆవిడ పైకప్పు తలుపు తెరిచి ఉంచారు. దూరంగా కొండ కింద ఊరు కనిపించింది.

“అక్కడ ఎవరో ఒకరు కరెంటు పొయ్యి మీద అన్నం వండుతుంటారు. అందులో మన గాలి కొంత ఉంటుందిలే,” అన్నారు.

“మరి గాలి పడిపోతే?”

“సోలార్ వాళ్ళు చూసుకుంటారు, బ్యాటరీ వాళ్ళు చూసుకుంటారు. తలా ఓ చెయ్యి వేస్తే బొగ్గుతో పని తగ్గుతుంది. అంతా తనొక్కడే మొయ్యాలనుకుంటే ఎవడికైనా కాళ్ళు వణుకుతాయి. తిను.”

మొదటి ముద్దకే నా కళ్ళు ధారలు కట్టాయి. కారం ఎక్కువైందన్నాను. ఆవిడ నా మొహం వైపు చూడకుండా ఇంకాస్త ముద్దపప్పు వడ్డించారు.

విజయగారు రిటైరై ఇప్పుడు సన్నీబ్యాంక్ అనే పేటలో కూరగాయలు బేరమాడుతున్నారు. కొత్తవాళ్ళని టవర్ ఎక్కించే పని నాకొచ్చింది. మొన్న గుమ్మంలో పట్టనంత భారీ ఆస్ట్రేలియన్ ఒకడు నిచ్చెన దగ్గర చెమటలు కక్కుతూ నిలబడిపోయాడు. కొక్కేలు సరిచూసి, అతని శాండ్‌విచ్, నా క్యారేజీ పట్టుకుని లిఫ్టెక్కాను.

చాలాసేపటికి అతని తల పైకి తేలింది. శాండ్‌విచ్ పక్కన పెట్టి, నా ఆవకాయన్నం ఒక ముద్ద నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. కారం వల్లేనా అని నేను అడగలేదు. ముద్దపప్పు గిన్నె అతని వైపు జరిపాను.