లింగంపేట వాగులో అమెరికా లంగరు

అమెరికా యుద్ధపు ఓడ ఎక్కినవాడు ఎల్లారెడ్డి తాలూకా మొత్తంలో నేనొక్కణ్ణే. అక్కడ నేర్చిన విద్యతోనే మొన్న కామారెడ్డి బస్సును ఇసుకలోంచి లాగించాను. ఆ దారిన పోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పొద్దున ఏడింటికి ఎల్లారెడ్డిలో బయలుదేరాం. బొగ్గుతో నడిచే బస్సు. ముందు కూర్చుంటే పొగ తక్కువ. నా పక్కన కూలిపనులు చేసుకునే శాంతమ్మ, ఒళ్లో జొన్నరొట్టెల మూట. కామారెడ్డి మిల్లులో ఉండే ఆమె కొడుకు ఏసోబు మధ్యాహ్నం రైలుబండికి బొంబాయి పోతున్నాడు, ఓడలో వంటపనికి. లడాయి కాలం. బండి వెళ్లేలోపు ఒక్కసారి వాణ్ణి చూడాలని ఆమె ఆరాటం.

“భయపడకు బిడ్డా, నేను ఎక్కిన ఓడ అయితే...” అని మొదలుపెట్టాను.

“ఓడ అనకు బాపు. ఓడుడు మాట నా పిలగానికొద్దు. జాజు అను.”

సరే, జాజే. నూరేళ్లు దాటిన తెరచాపల జాజు. కట్టెదే అయినా, ఇంగ్లీషువాళ్ల గుండ్లు తగిలి వెనక్కి ఎగిరిపడ్డాయట. అప్పటినుంచి దానికి ఇనుప డొక్కలదని పేరు.

లింగంపేట దాటాక వాగు ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. డ్రైవరు బీడీ ముట్టించాడు. శాంతమ్మ మూట చంకనపెట్టుకుంది.

“నడిస్తే అందుతనా బాపు?”

బండి అందదు. అందుకే మిగతా కథ గట్టిగా చెప్పాను. ఒకసారి గాలి పడిపోయింది, శత్రువులు వెనకే ఉన్నారు. నావికులు లంగరును చిన్న పడవలో ముందుకు మోసుకెళ్లి నీళ్లలో వేసి, దాని మోకు లాగుతూ జాజును అక్కడిదాకా జరిపారు. మళ్లీ లంగరు, మళ్లీ లాగుడు. అలాగే తప్పించుకున్నారు.

“మనకు లంగరేడిది తాతా?” అన్నాడు డ్రైవరు.

ఒడ్డున తుమ్మచెట్టు చూపించాను. బస్సుమీద సామాన్లు కట్టిన మోకు విప్పి, ఒక కొస బస్సుకు కట్టి, చెట్టు మొదలుకు తిప్పి, రెండో కొస మగవాళ్లమంతా లాగాం. బస్సు గట్టెక్కింది.

కామారెడ్డి స్టేషన్లో బండి కూత వేస్తుండగా శాంతమ్మ కిటికీలోంచి మూట అందించింది.

“అందరికీ వండి నువ్వు కడుపు మాడ్చుకునేవు!”

“వండేటోడు మాడ్తడా అవ్వా?” అని నవ్వాడు ఏసోబు. ఆమె కూడా నవ్వింది. బండి కదిలింది.

స్టేషను బయట హోటల్లో ఇద్దరం పూరీలు తిన్నాం, చాయ్ తాగాం. కడుపు నిండింది కాబట్టి నిజం చెప్తున్నాను. ఆ ఓడ నేనెక్కలేదు. అసలు సముద్రమే చూడలేదు. మెదక్‌లో ఒక అమెరికా పాదిరికి తెలుగు చెప్పేటప్పుడు ఆయన గోడమీద దాని బొమ్మ చూశాను, కథ ఆయనదే. తుమ్మచెట్టు తెలివి మాత్రం నాదే.

సాయంత్రం బస్సులో వాగు రాగానే కొత్త ప్రయాణికులకు మోకుతో బస్సును లాగించిన సంగతి చెప్పసాగాను. శాంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది.

“మోకు తెగింది గద బాపు! నువ్వు ఎల్లెలకల పడ్డవు. ఆడోళ్లం దిగి నెట్టితెనే ఎల్లింది బస్సు.”