చక్రం కింద పెట్టని రాయి

1997 ఏప్రిల్ 11, శుక్రవారం, పొద్దున్న పదిన్నర. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, కొండ కింద నుంచి వచ్చిన మాస్టారు టేపురికార్డరు నొక్కి ముందు తేదీ, టైమూ చెప్పాడు. తర్వాత నా పేరు చెప్పాడు. ఆ తర్వాత నేను అబద్ధం చెప్పాను. పదకొండేళ్లుగా మోస్తున్నాను. వయసులో రాళ్ల ట్రాలీ తోసినవాణ్ణి, బరువంటే నాకు తెలుసు. దించుకోలేకపోయింది ఇదొక్కటే.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. నన్ను ఓదార్చొద్దు. చదవండి చాలు.

మా అనంతగిరి కొండల్లోకి పెద్ద రైలు రాకముందు, దాని దారి కట్టడం కోసమే వేసిన చిన్న పట్టాల లైను ఒకటి ఉండేది. కొండమీద రాయి కొట్టి, ట్రాలీల్లో నింపి, వంతెనలు కట్టేచోటికి దింపేవాళ్లం. పనయ్యాక పట్టాలు పీకేశారు. ఇప్పుడక్కడ కాఫీ మొక్కలు, మిరియాల తీగలు. మాస్టారు ఆ లైను గురించి పుస్తకం రాస్తున్నాడు. దాని మీద పనిచేసినవాళ్లలో మా ఊళ్లో మిగిలింది నేనొక్కణ్ణే.

ట్రాలీకి ఇద్దరు. సోంబర బ్రేకు కర్ర పట్టుకునేవాడు. మలుపులో ఆగినప్పుడు చక్రం కింద అడ్డురాయి పెట్టడం నా పని. పెట్టానని నేనంటేనే అతను కర్ర వదలాలి. ఒక వేసవిలో ఆ మలుపు దగ్గర, నా కాళ్ల ముందు మామిడిపండు రాలింది.

మాకు మామిడి కొత్త పండగ ఉంది. తొలికాయ అమ్మోరికి పెట్టేదాకా ఊళ్లో ఎవరూ మామిడి నోట పెట్టకూడదు. పెడితే వానలు పోతాయంటారు. తిన్నవాడి ఇంట నీళ్లు కూడా ముట్టరు. ఆ ఏడు పండగ ఇంకా ఎనిమిది రోజులుంది. నేను పండు తీసుకుని తుప్ప చాటుకి వెళ్లి కొరికాను. రాయి పెట్టావా అని సోంబర కేకేశాడు. నోటినిండా రసంతో ఊఁ అన్నాను. పెట్టలేదు.

అతను కర్ర వదిలి దిగాడు. ట్రాలీ కదిలింది. ఆపబోయిన సోంబర కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది.

పరుగెత్తుకొచ్చిన నా మూతి చూశాడు. అంత నొప్పిలోనూ చూశాడు. నలుగురూ చేరేలోగా తన తలగుడ్డతో నా గెడ్డం తుడిచాడు. చెయ్యి జారి కర్ర వదిలేశానని అందరికీ చెప్పాడు. పెళ్లాం బుద్రికీ అదే చెప్పాడు. ఒంటికాలితో పాతికేళ్లు బతికి, అదే మాట మీద పోయాడు.

ఇక మాస్టారు వచ్చిన రోజు. మా అరుగు మీద కూర్చున్నాం. సోంబర చెయ్యి జారిందని నేనూ చెప్పాను.

“రెండు చేతులతో పట్టుకునే కర్ర కదండీ, జారడమేమిటి?” అన్నాడు మాస్టారు. “అయినా అడ్డురాయి ఉండాలి కదా? అది ఎవరు పెట్టాలి?”

టేపు తిరుగుతోంది.

“తాగున్నాడు బాబూ,” అన్నాను. “పొద్దున్నే జీలుగు కల్లు ఏసీసేడు.”

గుమ్మంలో కూచున్న బుద్రి లేచింది. “ఏటి బావా, ఏటంతన్నావు? పనికాడ నా పెనిమిటి సుక్క ముట్టీవోడు కాడు.”

“నువ్వు సూసేవేటి? లైను మీద నువ్వున్నావా, నానున్నానా?”

“నువ్వే ఉన్నావు. అందుకే నిన్నడుగుతన్నాను.”

నా బావమరిది గుర్బారుకి ప్రతిదీ వేళాకోళమే. “ట్రాలీ దిగినా సోంబరకి మత్తు దిగనేదన్నమాట!” అన్నాడు.

నవ్వారు. నేనూ నవ్వాను. బుద్రి వెళ్లిపోయింది.

ఎందుకన్నాను? ఊరికి భయపడ్డానా? అప్పటికి ఊళ్లో కుర్రాళ్లు పండగ ముందే కాయలు తింటూనే ఉన్నారు. వాళ్లను నిలబెట్టి తిట్టేది నేనే. ఊరి పూజారిని నేనే. మరుసటి వారం తొలికాయ కోసి అమ్మోరి ముందు పెట్టాల్సింది నేనే. అదీ సంగతి. భయం కాదు, పెద్దరికం. నా కోసం నోరు మూసుకుని పోయిన మనిషి మీద నా పెద్దరికం కోసం తాగుబోతుతనం రుద్దాను.

పుస్తకం అచ్చయింది. ఒక ప్రతి నాకిచ్చారు. చదవడం రాక దేవుడి గూట్లో పెట్టాను. అరవై దాటాక, సాయంత్రం పెద్దలకు పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నేను మొదట చదివిన పుస్తకం అదే. మా పేజీ కూడబలుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. సోంబర తాగిన మత్తులో బ్రేకు వదిలాడని ఉంది. నేను ప్రాణాలకు తెగించి అతన్ని లాగానని ఉంది.

బుద్రీ అదే బడిలో నేర్చుకుంది. ఆవిడా చదివింది. నా దగ్గరికి వచ్చి, “అచ్చేసేరంటే నిజిమే కాబోలు బావా. నానే ఇన్నాళ్లూ నమ్మనేదు,” అంది. ఆ ఏడు నుంచి చనిపోయిన పెద్దలకు పెట్టే రోజున సోంబర వాటాకి కల్లు పొయ్యడం మానేసింది. మొగుడి పేరు ఎవరైనా ఎత్తితే తల దించుకుంటోంది. అంతకుముందు ఆవిడ తల దించుకోవడం నేను చూడలేదు.

అందుకే రాశాను. నోటితో చెబితే పుస్తకం ముందు నా మాట నిలవదు. కాగితానికి కాగితమే జవాబు. అక్షరాలు పెద్దవిగా రాశాను, బుద్రి ఎవరి సాయం లేకుండా చదువుకోవాలని. మొదటి ప్రతి ఆవిడకే ఇస్తాను. రెండోది మాస్టారికి, ఇదీ అచ్చెయ్యమని. ఈ ఏడు తొలికాయ నేను కొయ్యను. ఎందుకని ఊరు అడుగుతుంది, చెబుతాను. బుద్రి నన్ను ఏమంటుందో తెలియదు. ఏమన్నా పడతాను. మన్నించమని మాత్రం అడగను, ఆ హక్కు నాకు లేదు. చేతివేళ్లు నొప్పెడుతున్నాయి. గుండె తేలికగానే ఉంది.

నా పేరు ఇక్కడ రాయను. ఆ పుస్తకంలో మంచి పేరుగా ఉంది, అది చాలు. నేను ఎవరి ముందు అబద్ధమాడానో వాళ్ల పేర్లు రాస్తాను. టేపు పట్టుకున్న అప్పలస్వామి మాస్టారు. టీ తెచ్చిన నా భార్య దొమ్మి. నవ్వించిన గుర్బారు. అతనితో నవ్విన పక్కింటి సుకురు. గుమ్మంలో సోంబర పెళ్లాం బుద్రి. టేపుకి ఎదురుగా నేను.