వచ్చిపోయేవాళ్ల గొంతు

మొన్న ముసురు పట్టిన రోజుల్లో గొంతు బిగుసుకుపోతే, భువనగిరి బజారులో అతిమధురం వేరు ముక్క కొని నోట్లో వేసుకున్నాను. మొదట కట్టె నమిలినట్టే ఉంటుంది. కాసేపటికి నాలుక పక్కల నుంచి ఒక వింత తీపి ఊరుతుంది. బెల్లంలా మీదపడదు, చక్కెరలా పారిపోదు. ఆ తీపి గొంతులోకి దిగేసరికి నేను దుకాణం ముందే నిలబడిపోయాను. యాదగిరి సారు జేబులో ఎప్పుడూ ఈ వేరు ముక్కలుండేవి. ఆయన పక్కన కూర్చుంటే మనిషికంటే ముందు ఈ వాసనే పలకరించేది. "ఏమైందన్నా, చేదున్నదా?" అన్నాడు దుకాణం పిల్లవాడు. "లేదు, తియ్యగనే ఉన్నది. అదే బాధ" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. నేనేం చెప్పినా జోకు అనుకోవడం ఈ ఊరికి అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

యాదగిరి సారును మీరు చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. భువనగిరి జిల్లా అయిన కొత్తలో ఆదివారం పొద్దున టీవీలో ఒక పాత సీరియల్ వచ్చేది. ఏదో దూరదేశంలో నేను పుట్టకముందు తీసింది, తెలుగులోకి మార్చి వేసేవాళ్లు. అడవి అంచున ఒక ఇల్లు. జంతువులకు వైద్యం చేసే నాన్న, అమ్మ, ముగ్గురు పిల్లలు. వారానికొక దెబ్బతిన్న జంతువు ఆ ఇంటికి వస్తుంది, దాని వెంట వారానికొక కొత్త మనిషి వస్తాడు. ఒకవారం వేటగాడు, ఒకవారం హంసను పెంచే ముసలాయన, ఒకవారం దారి తప్పిన తాగుబోతు. ఆ వేషాలు వేసినవాళ్లు ఆ దేశంలో పేరున్న నటులట. వాళ్లు వస్తారు, ఆ ఇంట్లో అన్నం తింటారు, కళ్లు తుడుచుకుని వెళ్లిపోతారు. మళ్లీ కనపడరు. వాళ్లందరికీ తెలుగు గొంతు ఒక్కరిదే. అది యాదగిరి సారుది.

నా సంగతి చెప్పాలంటే, మాది కేతేపల్లి. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో నేను బడిని వదిలేశానో ఇంకా తేలలేదు. భువనగిరి వచ్చి ఆటో నడుపుతూ, పెళ్లిళ్లలో మిమిక్రీ చేసేవాణ్ణి. ఒకసారి తిరుమలగిరిలో ఒక పెళ్లిలో మేకలా అరిస్తే జనం కుర్చీల్లోంచి పడిపోయేంత నవ్వారు. దిగి వస్తుంటే, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఒక బక్కపలచని పెద్దాయన ఎదురొచ్చి, "మేక మంచిగనే అరిసింది. కానీ ఎవలతోని మాట్లాడుతాంది?" అన్నాడు. "ఎవలతోని మాట్లాడుతది సారూ, మీ అసుంటోళ్లతోనే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వు అయిపోయేదాకా ఆగి, మెల్లగా అన్నాడు: "మేక ఉత్తగ అరవదు బిడ్డా. తల్లినో, పిల్లనో, మందనో పిలుస్తది. నీ మేక మందిని నవ్విద్దామని అరుస్తాంది. గసుంటి మేక లోకంల లేదు."

యాదగిరి సారు నాకు అలా పరిచయమయ్యాడు. ఆ తర్వాత వారమే ఆయన నన్ను హైదరాబాద్ తీసుకుపోయాడు. ఆ సీరియల్‌లో మాటలూ శబ్దాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయట. పరాయి మాటలు తీసేస్తే ఎలుగుబంటి అరుపు, గుడ్లగూబ కూత కూడా వాటితో పాటే పోతున్నాయట. వాటికి మళ్లీ ప్రాణం పోయడానికి నోటితో అరిచే మనిషి కావాలి. అలా వారానికొక జంతువు నా పాలబడింది. సారు నన్ను పేరుతో పిలవడం మానేశాడు. "ఏమోయ్ ఎలుగుబంటి, చాయ్ తాగుదామా?" అనేవాడు. తర్వాతి వారం నేను జింకనయ్యేవాణ్ణి.

డబ్బింగ్ అంటే నలుగురూ ఒకచోట నిలబడి మాట్లాడుకుంటారనుకున్నాను. అలా కాదు. ఒక్కొక్కరూ విడిగా వచ్చి, తలుపు మూసుకుని, తమ మాటలు చెప్పేసి వెళ్లిపోతారు. తెరమీద తల్లి కొడుకును పొదువుకుని ఏడుస్తుంటుంది. ఆ తల్లి గొంతు సోమవారం వచ్చి పోయింది, కొడుకు గొంతు గురువారం వస్తుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. ఇంటివాళ్ల మాటలన్నీ అయిపోయాక వచ్చిపోయేవాళ్లు, వాళ్ల తర్వాత జంతువులు. అందుకని చివరికి మేమిద్దరమే మిగిలేవాళ్లం. సాయంత్రం రైల్లో కలిసి భువనగిరి వచ్చేవాళ్లం. సారు కిటికీ పక్కన కూర్చుని నోట్లో వేరు ముక్క వేసుకునేవాడు. నేను వాగుతూ ఉండేవాణ్ణి. ఆయన వినేవాడు. ఎవరైనా అంత శ్రద్ధగా వింటారని తెలియక అప్పటిదాకా నేను ఎవరినీ మాట పూర్తి చేయనిచ్చేవాణ్ణి కాదు. ఆయన దగ్గరే ఆగడం నేర్చుకున్నాను.

ఆయన గది కోట గుట్ట కింద ఉండేది. పగలంతా తాగిన ఎండను ఆ గుట్ట పొద్దుగూకాక నెమ్మదిగా వదిలేది. గదిలో ఒకటే కంచం, ఒకటే గ్లాసు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గ్లాసులో చాయ్ నాకు పోసి, తాను చెంబులో పోసుకుని తాగాడు. సాలోళ్ల ఇంట్లో మగ్గం చప్పుడు మధ్య పుట్టానని, ఆ చప్పుడును దాటి వినపడాలని గొంతు సాగదీసి సాగదీసి ఇలా అయిందని చెప్పాడు. భార్య ఎప్పుడో పోయిందని, పిల్లలు లేరని మాత్రం ఆయన చెప్పలేదు. ఇల్లుగలామె చెప్పింది.

ఇలా ఉండగా సీరియల్‌లో నాన్నకు గొంతు ఇచ్చే ఆయన మధ్యలో మానేశాడు. సారు జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. డబ్బింగ్ చూసుకునే మేడం దగ్గరికి వెళ్లి, ఆ గొంతు నేను చెప్తానమ్మా, ఒకసారి చూడండి అన్నాడు. ఆ సాయంత్రం రైల్లో ఆయన వేరు ముక్క నోట్లో వేసుకోవడం కూడా మరిచిపోయాడు. "వచ్చిపోయేటోని గొంతుకు రేపు లేదు సైదులూ. ఇయ్యాల వేటగాడు, రేపు తాగుబోతు. నాయిన గొంతు దొరికితే, వారం వారం గదే ఇంటికి మర్లి రావొచ్చు" అన్నాడు. నన్ను పేరుతో పిలిచాడని అప్పుడు గమనించాను. జోకు వేయబుద్ధి కాలేదు.

మేడం రెండు సీన్లు పెట్టింది. మొదటిదాంట్లో నాన్న చిన్న కూతురికి నచ్చజెప్పాలి, కాలు నయమైన జింకపిల్లను అడవిలో వదిలేయక తప్పదని. సారు చెప్తుంటే రికార్డింగ్ గది అద్దానికి ఇవతల నా ఒళ్లు గగుర్పొడిచింది. రెండోది భోజనాల సీను. కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని తింటుంటారు, నాన్న మధ్యమధ్యలో మాట్లాడతాడు. "ఆ ఉప్పు ఇటివ్వు." "మెల్లగా తిను." "రేపు బడి లేదా నీకు?" అంతే. అక్కడ సారు తడబడ్డాడు. మొదటిసారి చెప్పినప్పుడు ఉప్పు కోసం ఎవరో కొండ మీదినుంచి పిలుస్తున్నట్టుంది. తగ్గించి చెప్తే ఇంకా ఘోరంగా, చేయి పట్టుకుని వేడుకుంటున్నట్టుంది. మేడం మర్యాదగానే అంది: "సార్, మీరు అడుగుతున్నది ఉప్పు. ఆఖరి కోరిక కాదు." నాకు నవ్వు ఆగలేదు. అద్దంలోంచి సారు నన్ను చూసి తానూ నవ్వాడు, కానీ మళ్లీ చెప్పినా అంతే. ఎన్నిసార్లు చెప్పినా ఆ ఉప్పులో ఏడుపు కలుస్తూనే ఉంది. వచ్చేవారం మళ్లీ చూద్దాం అంది మేడం.

రైలు బీబీనగర్ దాటింది. సారు నావైపు తిరిగి అడిగాడు: "ఇంట్ల నలుగురు కూసోని తినేటప్పుడు ఏం మాట్లాడుకుంటరు రా?"

"ఏం మాట్లాడుకుంటం సారూ? కొట్లాడుకుంటం."

"గదే, ఎట్ల?"

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. "మా ఇంటికి రాండ్రి, సూద్దురుగని" అన్నాను.

వచ్చాడు. ఏం లాభం! మా అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తలుపు పక్కన నిలబడింది. మా ఆవిడ స్వరూప కోడికూర చేసి, పండుగలకు తీసే కంచం తీసింది. ముక్క కోసం ఇల్లు పీకి పందిరేసే నా కూతురు "మీరు తినుండ్రి తాతా" అంది. అది పుట్టినప్పటినుంచి దాని నోట అంత మర్యాద నేను వినలేదు. నమిలే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. వీధి చివరిదాకా సాగనంపితే సారు నిట్టూర్చాడు: "మంచోళ్లురా మీ ఇంటోళ్లు. ఏం పనికిరారు."

మర్నాడు ఆయన వచ్చేలోపు ఇంట్లోవాళ్లను బతిమాలాను, ఎప్పటిలాగే తిట్టుకోండ్రి అని. "తిట్టుకోమంటే ఎట్ల తిట్టుకుంటరు? కోపమన్న రావాలె గద" అంది స్వరూప. సారు కూర్చున్నాక నేనే మొదలుపెట్టాను, కూరలో కారం ఎందుకింత పడ్డదని గట్టిగా. ఆమె చిరునవ్వుతో "అయ్యో, జర నెయ్యి వేస్త ఉండుండ్రి" అంది. పెళ్లయినప్పటినుంచి నన్ను "ఉండుండ్రి" అనని మనిషి! నాకు పొలమారింది. సారు నా వీపు తట్టి నీళ్లిచ్చాడు. అతిథి నాకు నీళ్లిచ్చాడని మా అమ్మ నొచ్చుకుని లోపలికి పోయింది.

తర్వాత ఒకరోజు ఆయన చెప్పకుండా వచ్చాడు. ఆరోజు కరెంటు లేదు, గ్యాస్ అయిపోయింది, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. పొగకు అందరి కళ్లూ ఎర్రబడి ఉన్నాయి. గ్యాస్ సంగతి నీకు ముందే చెప్పాను కదా అని స్వరూప నా మీదికి లేచింది. పెద్ద రొట్టె ఎవరిదని పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. సారు మూలన కూర్చుని తానే వడ్డించుకుని తిన్నాడు. ఎవరూ ఆయన్ని చూడలేదు. తిని, కంచం అక్కడే వదిలి లేచాడు. అప్పుడు మా అమ్మ గొంతు ఉరిమింది.

"ఏం సారువయ్యా నువ్వు! తిన్న కంచం గట్లనే ఇడిసిపెట్టి లేస్తవు? గీడ నీకు జీతగాళ్లున్నరా?"

మా అమ్మ నాలుక కరుచుకుంది. సారు వంగి కంచం తీసుకుని, అంట్లు తోమే జాలారు దగ్గరికి నడిచాడు. బూడిద పెట్టి తోమి, కడిగి, బోర్లించి వచ్చాడు. బయటికి వచ్చాక నా భుజం పట్టుకున్నాడు. చెయ్యి తడిగా ఉంది. "మీ అమ్మ నన్ను తిట్టింది రా!" అన్నాడు. బడిలో బహుమతి వచ్చిన పిల్లవాడు కూడా అలా చెప్పడు.

ఆ వారం సారు మైకు ముందు నిలబడి, తల కూడా ఎత్తకుండా, నోట్లో ముద్ద ఉన్నట్టు, కాస్త విసుగ్గా "ఆ ఉప్పు ఇటివ్వు" అని తర్వాతి మాటలోకి వెళ్లిపోయాడు. మేడం ఆపలేదు. సీను మొత్తం అయ్యాక, "ఎక్కడ నేర్చుకున్నారు సార్?" అంది. "భువనగిరిల తల్లీ" అన్నాడు. ఆమె ఆనందంగా చానల్‌వాళ్లకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె ముఖం మారిపోయింది. నాన్న గొంతుకు సినిమాల్లో పేరున్న ఒకాయనను వాళ్లు అప్పటికే మాట్లాడుకున్నారట. ప్రకటనల్లో పేరు వేసుకోవచ్చు కదా. "మీరు బాగా చెప్పారు సార్, నేను విన్నాను" అని నేల చూసింది. సారు ఆమెనే ఓదార్చాడు: "ఫికర్ జెయ్యకమ్మా. ఈ వారం వచ్చేటోడు ఎవలు?"

ఆ వారం వచ్చేవాడు, రెక్క విరిగిన గుడ్లగూబను తెచ్చిన ఒంటరి ముసలివాడు. అదే భోజనాల సీను చివర ఆ బల్ల దగ్గరే అతని మాట కూడా ఉంది. "మీ ఇంట్లో భోజనం బాగుందయ్యా. ఇక వెళ్లొస్తాను." సారు ఒక్కసారే చెప్పాడు. మేడం రెండోసారి అడగలేదు. తర్వాత గుడ్లగూబ వంతు. నీళ్లు తాగి, బయట నిలబడి వచ్చి, ఎలాగో కూశాను.

అప్పటినుంచి సారు మా ఇంటికి రావడం మానేశాడు. "నేను తిట్టినందుకే రాలే. ఎంత నోటిదూలనో నాది" అని మా అమ్మ కుమిలిపోయింది. నేను గుట్ట కింది గదికి వెళ్లి అడిగాను. ఆయన ఉన్న ఒక్క గ్లాసులో నాకు చాయ్ పోశాడు.

"తిట్టినందుకు గాదు రా. ఇప్పుడొస్తే తిట్టదు. నాయిన వేషం పాయెనని మీ ఇంట్ల అందరికి ఎరుకాయె. ముక్కలన్ని నాకే వేస్తరు. నీ బిడ్డ మల్ల 'తినుండ్రి తాతా' అంటది. మల్ల సుట్టాన్నయిత. ఆ తిట్టు నా చెవులల్ల ఉన్నది. గట్లనే ఉండనియ్యి."

అది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఆ పొద్దునే స్వరూప కోడిని కోయించింది, సారు వస్తే బాగుండునని. ఆయన చెప్పింది నిజమే.

సీరియల్ అయిపోయాక ఆయన పాలమూరు దిక్కు, నారాయణపేటలో తమ్ముని ఇంటికి పోయాడు. నేను ఫోన్ చేసి ఎట్లున్నరు సారూ అంటే, "మస్తు మంచిగ సూసుకుంటున్నరు రా. ఒక్క పని చెయ్యనియ్యరు" అనేవాడు. ఒక ఎండాకాలం ఆయన పోయాడు. కబురు మాకు అన్నీ అయిపోయాక వచ్చింది. ఆ తిట్టు గురించి సారు అన్నది నా నోట విని ఉన్న మా అమ్మ, చేస్తున్న పని ఆపి, "ఇంక నాలుగు తిట్లు తిట్టకపోతిని" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు జంతువుల అరుపులు కంప్యూటర్‌లోనే దొరుకుతున్నాయి. నన్ను గుంపు గోలకు పిలుస్తారు. సీరియళ్లలో పెళ్లి భోజనాలో దావతో జరుగుతుంటే వెనకాల మంది సందడి వినపడాలి కదా, దానికి నలుగురైదుగురం ఒక మైకు చుట్టూ నిలబడి నోటికి వచ్చింది గొణుగుతాం. మాటలు తెలియకూడదు, మనుషులున్నారని మాత్రం తెలియాలి. పక్కనున్నవాళ్లు అంకెలు చదువుతారు, ఊళ్ల పేర్లు చెప్తారు. పైన సన్నాయి వచ్చి పడుతుంది కాబట్టి ఎవరేమన్నా ఎవరికీ పట్టదు. భోజనాల సీను ఏదైనా సరే, నేను మాత్రం ఒకే మాట అంటాను. అందులో మర్యాద ఇసుమంతైనా కలవకుండా, విసుగు సరిగ్గా ఉండేటట్టు చూసుకుంటాను: "జరుగు సారూ, జర జాగియ్యి, నేను గూడ కూసుంట."