గులాబీ రంగు బాతులు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ పైచిలుకు ఉండగా, ఒక మాఘమాసంలో, ఏలూరు కార్యాలయం నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను కొల్లేటి అంచున ఒక మండల కేంద్రంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆ పశువైద్యశాలకు పెద్ద ఆ డాక్టరే. కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు ఉంటారు. మా మండలంలో తీయబోయే ఒక సినిమా పాటలో ఆరువందల బాతులను వాడతారనీ, వాటిని పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలనీ, షూటింగు జరిగే మూడు రోజులూ అక్కడే ఉండాలనీ, ముగిశాక వాటికి హాని జరగలేదని మరో కాగితం రాసివ్వాలనీ ఆ ఉత్తర్వు సారాంశం.

ఆ రెండు కాగితాలూ లేకపోతే జంతువులున్న దృశ్యం సెన్సారు దాటదు. నా సర్వీసులో పందెపు ఎడ్లకూ, పెళ్ళి ఊరేగింపు గుర్రాలకూ సర్టిఫికెట్లు రాశాను గానీ సినిమా బాతులకు రాయడం అదే మొదలు. ఇంట్లో చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బాతులు కోటమ్మవి. యాభై దాటిన మనిషి. కోతలైన చేలల్లో రాలిన గింజ మేపుకుంటూ మందతో ఊరూరా తిరుగుతుంది. మండవల్లి వైపు పొలాల్లో వలకట్టి దొడ్డి వేసుకుని ఉంటే అక్కడికే వెళ్ళి చూశాను. బాతును పట్టుకోవాలంటే మెడ మొదట్లో పట్టుకోవాలి. కాలు పట్టుకుంటే విరుగుతుంది. కోటమ్మ ఒక్కొక్కదాన్నీ అలా పట్టి అందిస్తుంటే కళ్ళు, ముక్కు, పాదాలు చూశాను. కుంటుతున్న ఇరవైని పక్కన పెట్టించినా ఆరువందలు మిగిలాయి. ప్లేగు టీకా అంతకు రెండు నెలల ముందే మా కాంపౌండరు వేశాడు. మంద ఆరోగ్యంగా ఉంది.

సినిమా వాళ్ళ తరఫున వచ్చినవాడు శేషగిరి అనే ప్రొడక్షన్ మేనేజరు. మనుషుల దగ్గర్నుంచి మంచినీళ్ళ దాకా సెట్టుకు కావలసినవన్నీ సమకూర్చడం అతని పని. మెత్తగా మాట్లాడేవాడు. సర్టిఫికెట్‌లో షరతులు రాస్తున్నాను: నాలుగు గంటలకు మించి పని చేయించరాదు, నీడ ఉండాలి, తాగడానికి నీళ్ళుండాలి. అప్పుడు అతను చిన్నగా దగ్గాడు.

"మేడమ్ గారూ, ఇవన్నీ గోధుమరంగువి కదండీ. మా డైరెక్టరు గారికి లేత గులాబీరంగు కావాలండి. మిఠాయిల్లో వేసే రంగేనండి, ఏం కాదండి."

సీసా చూపించమన్నాను. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు తాడేపల్లిగూడెం వెళ్ళి తెస్తున్నారన్నాడు. అప్పటికి సాయంత్రమైంది, ఆసుపత్రిలో రిపోర్టులు పంపవలసి ఉంది, నాకు కాలు నిలవడం లేదు. 'పక్షులకు హాని చేయని రంగు మాత్రమే వాడవలెను' అని ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టేశాను. ఏ రంగు, ఎలా పూస్తారు, ఎవరు పూస్తారు అన్నది రాయలేదు. ఏదో తప్పు చేశానన్న అనుమానం ఇంటికి వెళ్ళే దారిలోనే మొదలైంది. ఉదయం సీసా చూద్దాంలే అని సర్దుకున్నాను.

అభయారణ్యం హద్దు లోపల అనుమతి దొరకదు కాబట్టి, ఇవతల ఒక పెద్ద చేపల చెరువును అద్దెకు తీసుకున్నారు. చేపలు పట్టేశాక మళ్ళీ నీరు పెట్టిన చెరువు. దాని నడుమ డ్రమ్ముల మీద తేలే రాజసభ కట్టారు. చలువరాతి స్తంభాలు, నిజానికి థర్మాకోల్. పైన ఐదు షాండ్లియర్లు. నూటయాభై మంది నాట్యకత్తెలు, ఒంటినిండా ముత్యాలు. కైకలూరు నుంచి జనం మోటారు సైకిళ్ళ మీద వచ్చి గట్ల మీద నిలబడేవారు.

మొదటి రెండు రోజులూ బాతుల్ని గట్టు మీదే వరుసల్లో నడిపించారు. రంగు ఇంకా రాలేదన్నారు. నా పని, నిలబడి ఉండటం. పాటలో రెండు పాదాలు పెద్ద స్పీకర్లలో వేస్తారు, ఆపుతారు, మళ్ళీ వేస్తారు. ముప్పై సార్లు, నలభై సార్లు. స్పీకరు మోగినప్పుడల్లా మంద ఒక్కసారిగా అదిరి పక్కకు ఒరిగేది. నేను గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని, గడియారం చూసుకునేదాన్ని, మళ్ళీ నడిచేదాన్ని. ఊళ్ళ నుంచి ఫోన్లు. కాంపౌండరు ఒక్కడూ తిప్పలు పడుతున్నాడు.

పొద్దుపోక అసిస్టెంటు డైరెక్టరు ఒకమ్మాయిని కథేమిటని అడిగాను. ఆ అమ్మాయి నిజాయితీగానే చెప్పింది. "మొత్తం పదకొండు పాటలండి. ఒక్కో పాటకి ఒక్కో రంగు. ఇది గులాబీ పాట. కథ ఇంకా రాస్తున్నారండి." పాటలో పడవ మీద వచ్చే రాణి ఎందుకు ఏడుస్తోందని అడిగితే, పడవలో ఉన్నప్పుడు కన్నీళ్ళ మీద లైటు బాగా పడుతుందని చెప్పింది.

మూడో రోజు బాతుల్ని నీళ్ళలోకి వదులుతారు. ఆరింటికల్లా రమ్మన్నారు. సరిగ్గా ఆ వేళకే ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. దూడ తల వెనక్కి తిరిగిపోయింది. కాంపౌండరుకు చేతనయ్యే పని కాదు. నేను వెళ్ళి దూడను సరిచేసి బయటికి లాగి, చేతులు కడుక్కుని సెట్టు చేరేసరికి ఏడున్నర అయింది. అప్పటికే బాతులకు రంగు వేసేశారు.

మంచు ఇంకా విడలేదు. గట్టు మీద ఆరువందల గులాబీరంగు బాతులు. నేను కోటమ్మను వెతికాను. గట్టు కింద గొంతుక్కూర్చుని ఉంది.

"నురగొచ్చే సబ్బెట్టి తోమేరండి, డాక్టరు గారండి," అంది. "జిడ్డుంటే రంగు పట్టదంట. ఒద్దన్నానండి. డాక్టరు గారు కాగితం రాసిచ్చేరు, మద్దిలో నీకేటన్నారండి."

నాకు అప్పుడే తెలియాల్సింది. బాతు తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలన్నిటికీ పూసుకుంటుంది. ఆ నూనె, ఈకల అల్లిక, రెండూ కలిసి నీటిని ఒంటికి తగలనివ్వవు. సబ్బు వాటిని పోగొడుతుంది. ఇది మొదటి సంవత్సరం పాఠం. గట్టు మీద బాతులన్నీ మెడలు వెనక్కి తిప్పి ఆత్రంగా తోకల మొదళ్ళు పొడుచుకుంటున్నాయి. ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుని రెక్క కింద వేలు పెట్టి ఉంటే, ఒంటిదాకా తడి దిగిందని తెలిసిపోయేది.

కానీ అదే క్షణంలో స్పీకరు మోగింది, బాతులకు అడ్డంగా కట్టిన వల ఎత్తేశారు.

చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. మంచులోంచి పడవ వచ్చింది. ముత్యాలు ధరించిన రాణి. ఆమె ముందు నీటి మీద ఆ గులాబీరంగు రెండు పాయలుగా విడిపోతూ, ఎండ తొలి గీత వాటి మీద పడుతూ... నేను చూస్తూ నిలబడిపోయాను. నా చేతిలోని సంచీ నేల మీద పెట్టినట్టు కూడా నాకు తెలియదు. ఎంతసేపో చెప్పలేను. రెండు నిమిషాలో, మూడో.

కోటమ్మ గొంతు వినిపించి తేరుకున్నాను. "అయ్యో, మునుగుతున్నాయండీ! బాతు మునగడవేవిటండీ!"

నిజమే. బాతు నీటి మీద పడవలా తేలాలి. ఇవి వీపుల దాకా నీళ్ళలో ఉన్నాయి. కొన్నిటికి మెడలు మాత్రమే కనిపిస్తున్నాయి. గట్టుకు చేరినవి ఎక్కలేక జారుతున్నాయి. నేను ఆపమని కేక వేశాను. స్పీకరు హోరులో ఎవరికీ వినిపించలేదు. పరుగెత్తి కెమెరా దగ్గరికి వెళ్ళాను. డైరెక్టరు కుర్రవాడే, కళ్ళు తెరకు అతుక్కుని ఉన్నాయి. చెయ్యి ఎత్తి, "ఒక్క టేక్ అండి, మంచు పోతోంది," అన్నాడు.

శేషగిరి నా వెనకే వచ్చి సర్టిఫికెట్ తీశాడు. బెదిరించడానికి కాదు, భయంతోనే తీశాడు. "మేడమ్ గారూ, రంగు వాడొచ్చని మీరే రాశారు కదండీ."

ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకున్నాను. నా సంతకం కింద 'పక్షులు ప్రాణాపాయంలో ఉన్నందున ఈ సర్టిఫికెట్ రద్దు చేయడమైనది' అని రాసి, టైము వేసి, మళ్ళీ సంతకం చేసి డైరెక్టరు ముందు పెట్టాను. ఇకపై తీసే ప్రతి షాటూ అనుమతి లేనిదవుతుందనీ, నా రిపోర్టులో టైముతో సహా రాస్తాననీ చెప్పాను. అతను కాగితం చూశాడు, తల ఎత్తి మొదటిసారి తెర మీద కాకుండా చెరువు వైపు చూశాడు. "పాట ఆపండి," అన్నాడు.

కోటమ్మ అప్పటికే నడుములోతు నీళ్ళలో ఉంది. చేపల చెరువు కాపలా మనుషులు ఇద్దరు దోనెతో దిగారు. తీసిన బాతులు చలికి కొయ్యబారిపోతున్నాయి. తుడవాలి, వెచ్చబెట్టాలి. ఆరువందల బాతుల్ని దేనితో వెచ్చబెట్టేది? అప్పుడు లైట్‌మన్ ఒకాయన, తెల్లజుట్టు మనిషి, నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మా దగ్గర పాత లైట్లు ఎనిమిదున్నాయండి. కొత్తవాటికి వెలుగే గానీ వేడుండదు. పాతవి పక్కన నిలబడితే ఒళ్ళు కాలుద్దండి. పెట్టమంటారా?"

రాజసభ నేల మీద తివాచీలు పరిచి ఉన్నాయి. బాతుల్ని అక్కడికే చేర్పించాను. లైట్లు ఎంత దూరంలో పెట్టాలో నా చెయ్యి అడ్డం పెట్టి చూసి చెప్పాను. నాట్యం చేసే అమ్మాయిలు పిలవకుండానే వచ్చారు. మఖమలు తెరలు దింపి చింపి తుడవడం మొదలుపెట్టారు. బాతును ఎలా పట్టుకోవాలో కోటమ్మ తడిచీరతోనే వాళ్ళకు చూపించింది. వంటటెంటు నుంచి గోరువెచ్చని బెల్లం నీళ్ళు తెప్పించి, తాగగలిగినవాటికి చుక్కలుగా పట్టించాం. షాండ్లియర్ల కింద, ఒళ్ళో బాతుతో నేల మీద కూర్చున్న నూటయాభై మంది ముత్యాల అమ్మాయిలు. వాళ్ళ బట్టలన్నీ గులాబీరంగైపోయాయి. డైరెక్టరు కూడా ఒక మూల కూర్చుని ఒకదాన్ని తుడిచాడు. కెమెరా వైపు ఎవరూ వెళ్ళలేదు.

మధ్యాహ్నానికి నలభై మూడు చనిపోయాయి. మిగిలినవి బతికాయి గానీ, ఈకల్లో నూనె తిరిగి చేరేదాకా నీళ్ళలోకి వదలడానికి వీల్లేదు. ఆ నెలంతా కోటమ్మ వాటిని పొడినేల మీద కట్టడి చేసి మేపింది. గుడ్లు పెట్టడం మానేశాయి. బాతు అయ్యుండి నీళ్ళు చూసి అరుస్తుంటే వినలేకపోతున్నానని నాతో అంది. సినిమా వాళ్ళు చచ్చినవాటికి పరిహారమిచ్చారు; బతికినవాటి మేత కోసం శేషగిరితో నేను మూడుసార్లు ఫోనులో పోట్లాడవలసి వచ్చింది. చివరికి ఇచ్చారు.

రెండో కాగితం కోసం శేషగిరి మా ఇంటికి వచ్చాడు. చనిపోయినవి ఎండదెబ్బకు పోయాయని రాయమన్నాడు. మాఘమాసంలో ఎండదెబ్బేమిటని అడిగితే తల దించుకున్నాడు. జరిగింది జరిగినట్టు రాశాను. రంగు గురించి నేను రాసిన అస్పష్టమైన వాక్యం, నేను గంటన్నర ఆలస్యంగా రావడం, వచ్చాక కూడా బాతును పట్టి చూడకపోవడం, మూడూ రాశాను. నాకు సంజాయిషీ మెమో వచ్చింది. సమాధానం ఇచ్చాను. ఇకపై జాగ్రత్తగా ఉండమన్న హెచ్చరికతో దాన్ని ముగించారు. కాంపౌండరు మాత్రం, "మీ మీద మీరే ఎందుకండీ రాసుకోవడం," అని చాలా రోజులు బాధపడ్డాడు.

ఆ కాగితం వల్ల నిజం బాతులున్న దృశ్యాలు వాడుకోలేకపోయారు. సినిమా మరుసటి ఏడు వచ్చింది. తాడేపల్లిగూడెంలో మా చెల్లెలు ఉంది. అక్కడికి వెళ్ళినప్పుడు చూశాను. మూడు గంటల సినిమా. ప్రతి ఫ్రేమూ పెళ్ళిపందిరిలా ఉంది. రాణి ఎవరి కోసం ఏడ్చిందో చివరిదాకా తెలియలేదు. గులాబీ పాటలో కంప్యూటరుతో చేసిన బాతులు నీటి మీద తేలాయి. ఒక్కటీ తోక పొడుచుకోలేదు. హాలంతా ఈలలు వేసింది. పాట బాగుందని మా చెల్లెలంది. కాదనలేకపోయాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు కనిపిస్తే ఈ సంగతి చెబుతుంటాను. వాళ్ళు సినిమా వాళ్ళను తిడతారు. నేను వాళ్ళకు చెప్పేది వేరు. ఆ ఉదయం గట్టు మీద ఉన్న అంతమందిలో ఆ బాతులకు ఏం కాబోతోందో పుస్తకం చదివి తెలుసుకున్నది నేనొక్కదాన్నే, ఆ రెండు మూడు నిమిషాలు నేను కూడా ప్రేక్షకురాలినైపోయాను. చూడటం, పరీక్షించడం ఒకే కంటితో చేసే రెండు వేర్వేరు పనులు. ఒకటి చేస్తున్నంతసేపూ రెండోది జరగదు. డ్యూటీలో ఉన్నవాళ్ళు ముందు పక్షిని చేతిలోకి తీసుకోవాలి.